ఊపిరికి దారి: ముక్కు దూలము ఆపరేషను గూర్చి కొన్ని మాటలు



మన తెలుగువారి మాటలలో ముక్కుకు పెద్ద చోటే ఉన్నది. దాపరికము లేకుండ మాట్లాడేవానిని ముక్కుసూటి మనిషి అంటాము. తొందరగా చిరాకుపడేవానికి కోపము ముక్కుమీదనే ఉన్నదంటాము. ఆశ్చర్యము కలిగితే ముక్కుమీద వేలు వేసుకొంటాము. పెండ్లిచూపులకు వెళ్లివచ్చిన పెద్దలు ముందుగా చెప్పేది పిల్ల కనుముక్కు తీరు గూర్చియే. అయితే ఆ ముక్కు చేయవలసిన అసలు పని, అనగా గాలి పీల్చుట, సరిగా జరుగుచున్నదా అని అడిగేవారు అరుదు. మేమును అడుగలేదు. ఆ తప్పును ఒప్పుకొనుచునే ఈ వ్యాసము మొదలుపెట్టుచున్నాము.

ఒక ఇంటి సంగతి

మా సంఘములోని ఒక కుటుంబము గూర్చి వారి అనుమతితోనే వ్రాయుచున్నాము. ఊరును పేరును చెప్పము. ఆ ఇంటి పెద్దమ్మాయి బి.ఇడి. చదివి ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠములు చెప్పుచున్నది. మా గాయక బృందములో పాడుచున్నది. ఏడేండ్ల వయస్సులో తండ్రి సైకిలు వెనుక కూర్చుండి వెళ్తూ కాలువగట్టు మీద బోర్లపడినది. ముక్కునుండి రక్తము కారినది. పసుపు అద్దినారు. నాలుగు రోజులకు వాపు తగ్గినది. అందరు మరచిపోయినారు.

పిల్ల ఎదిగేకొద్దీ ముక్కు కొంచెము ఎడమవైపుకు ఒరిగినది. లోపల కుడి రంధ్రము చాలావరకు మూసుకొనిపోయినది. రాత్రి నోరు తెరచి నిద్రించుట, ఉదయము గొంతు ఎండిపోయి లేచుట, మాటిమాటికి పడిశము పట్టుట, ఇవన్నియు ఆమె ఒంటితత్త్వమే అని ఇంటివారు అనుకొన్నారు. పాటలో పొడవైన చరణము వచ్చినప్పుడు ఆమె మధ్యలో ఆగి నోటితో గాలి పీల్చేది. "ఊపిరి నిలుపుకోవడం నేర్చుకోవాలమ్మా" అని మేము మందలించినాము కూడ.

ఆమెకు 24వ ఏట ఒక సంబంధము వచ్చినది. అబ్బాయి తల్లి, "అమ్మాయి మంచిదే గానీ ముక్కు వంకర" అని చెప్పి వెళ్లిపోయినది. వారము తిరుగకముందే తండ్రి మా ఇంటికి వచ్చినాడు. "అయ్యగారూ, ముక్కుకు ఆపరేషన్ చేయిస్తే వంకర పోతుందట. అప్పు చేసైనా చేయిస్తాను. ప్రార్థన చేయండి" అన్నాడు. అదే వారము ఉపవాస ప్రార్థనలో ఒక పెద్దాయన లేచి, "స్వస్థపరిచే దేవుడుండగా కత్తి ఎందుకు? ఇది అవిశ్వాసం" అన్నాడు. అమ్మాయి ఏమియు మాట్లాడలేదు. మా గృహిణి ఆమెను వంటింటిలోనికి పిలిచి నెమ్మదిగా అడిగినప్పుడే అసలు మాట బయటికి వచ్చినది.

"అమ్మగారూ, అందం సంగతి నాకు తెలీదు. రాత్రి పడుకుంటే గాలి ఆడక లేచి కూర్చుంటాను. పదేళ్ల నుంచీ ఇంతే."

తండ్రికి ముక్కు రూపము గూర్చిన చింత. పెద్దాయనకు విశ్వాసము గూర్చిన చింత. ఆ బిడ్డకు ఊపిరి గూర్చిన చింత. ఒక్క ముక్కు గూర్చి ముగ్గురు మూడు సంగతులు మాట్లాడుచున్నారు. ఈ మూడింటిని విడివిడిగా చూడవలెనని ఆ దినము మాకు తెలిసినది. తరువాత ఆ తల్లిదండ్రులతో కలిసి ఈ.ఎన్.టి. డాక్టరుగారి యొద్దకు వెళ్లి విని, చదివి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాము.

దూలము అంటే ఏమిటి?

ముక్కును రెండు గదుల ఇల్లు అనుకొనుడి. ఆ రెండు గదులకు నడుమ నిలిచిన గోడనే మన పెద్దలు ముక్కు దూలము అన్నారు. డాక్టర్లు సెప్టమ్ అంటారు. ముందు భాగము మెత్తని మృదులాస్థి, వెనుక భాగము పలుచని ఎముక. రెండు ప్రక్కల తడిగా ఉండే పలుచని పొర కప్పబడి ఉంటుంది. గది బయటి గోడలనుండి శంఖపు చుట్టలవంటి ఎముకలు లోపలికి వంగి ఉంటాయి. వీటిని టర్బినేట్లు అంటారు. మనము పీల్చిన గాలి వీటిని తాకుచు వెచ్చబడి, తడిసి, దుమ్ము వదలుకొని ఊపిరితిత్తులకు చేరుతుంది. నోటితో పీల్చే గాలికి ఈ సిద్ధపాటు ఉండదు. అందుకే నోటితో పీల్చేవారికి గొంతు ఎండిపోతుంది.

దూలము గీత గీసినట్లు తిన్నగా ఉండేవారు తక్కువే. చాలామందికి ఎంతో కొంత వంకర ఉంటుంది, వారికి ఏ బాధయు ఉండదు. కనుక వంకర కనబడినంత మాత్రాన ఆపరేషను అక్కరలేదు. మరియొక సంగతి. ఆరోగ్యవంతులకు కూడ ముక్కులో ఒక వైపు కొన్ని గంటలు ఉబ్బి, తరువాత అది తగ్గి రెండవ వైపు ఉబ్బుతుంది. ఇది సహజము. అయితే ఎప్పుడును ఒకే వైపు మూసుకొనిపోవుట, నోటితో తప్ప నిద్రించలేకపోవుట, తరచుగా ముక్కునుండి రక్తము కారుట, సైనసు నొప్పులు తిరిగి తిరిగి వచ్చుట, ఇవి ఉంటే డాక్టరుకు చూపించవలెను. వంకర కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి ఎదుగుదలలో, కొందరికి దెబ్బ తగులుటవలన వస్తుంది.

మందులు వంగిన దూలమును నిలబెట్టలేవు. అయితే ఎలర్జీవలన కలిగిన వాపును తగ్గించగలవు. అందుచేత డాక్టర్లు ముందుగా కొన్ని వారములు ముక్కులో కొట్టే స్ప్రే మందును, ఉప్పునీటితో కడుగుటను చెప్పి చూస్తారు. చాలామందికి ఇంతటితోనే సుఖము కలుగుతుంది. మందుల షాపులో అడిగి కొనుక్కొనే, ముక్కును వెంటనే తెరిచే చుక్కల మందు వేరు. దానిని కొద్ది దినములకు మించి వాడితే ముక్కు మునుపటికంటె ఎక్కువగా మూసుకొనిపోతుంది. మరల చుక్కలు వేయవలసి వస్తుంది. ఈ ఉచ్చులో చిక్కినవారు మన సంఘములలో అనేకులు.

ఆపరేషనులో ఏమి చేస్తారు?

1902లో అమెరికాలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిల్లియన్ అను డాక్టర్లు, పై పొరను జాగ్రత్తగా లేపి లోపలి వంకర భాగమును తీసివేసే పద్ధతిని ప్రచురించినారు. దీనినే ఎస్.ఎమ్.ఆర్. అంటారు. మన పాత తరము వారు అనేకులు ఈ ఆపరేషనే చేయించుకొన్నారు. గాలి ఆడేది గాని, మృదులాస్థి మరీ ఎక్కువగా తీసివేయబడిన కొందరికి కొంతకాలమునకు ముక్కు నడుమ గుర్రపు జీనువలె దిగబడేది. మన పెద్దలు దూలము అనుట ఎంత సరియైన మాటో చూడుడి. దూలము తీసివేస్తే కప్పు కుంగుతుంది గదా! తరువాత అమెరికా డాక్టరు కాటిల్ మొదలైనవారు, తీసివేయుటకంటె సరిచేసి నిలబెట్టుట మేలని నేర్పినారు. దీనిని సెప్టోప్లాస్టీ అంటారు. ఇప్పుడు ఎక్కువగా జరుగునది ఇదే. ముక్కు పైకప్పు వెంబడియు ముందు అంచు వెంబడియు కనీసము ఒక సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని తీయకుండ విడిచిపెడతారు. ముక్కుకు అదే ఆధారము.

మత్తు ఇచ్చి, ముక్కు రంధ్రము లోపలనే చిన్న గాటు పెట్టి, పొరను లేపి, వంగిన భాగమును సరిచేసి, కరిగిపోయే దారముతో కుట్టివేస్తారు. సాధారణముగా గంట, గంటన్నరలో ముగుస్తుంది. ముఖము మీద గాటుండదు, మచ్చ ఉండదు. అవసరమైతే ఉబ్బిన టర్బినేటును కూడ అప్పుడే కొంత తగ్గిస్తారు. దానిని మితముగానే చేయవలెను. మరీ ఎక్కువ తీసివేస్తే ముక్కు పొడిబారి వేరొక బాధ మొదలవుతుంది.

ప్రమాదములు తక్కువే గాని లేకపోలేదు. రక్తస్రావము, చీము పట్టుట, దూలము ప్రక్క రక్తము గడ్డకట్టుట, దూలములో రంధ్రము పడి గాలి పీల్చినప్పుడు ఈల శబ్దము వచ్చుట, లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కొనుట, పై ముందు పండ్లు కొంతకాలము తిమ్మిరిగా ఉండుట, అరుదుగా వాసన తగ్గుట. సంతకము పెట్టకముందు వీటిని డాక్టరును అడిగి తెలిసికొనుట మన హక్కు. అడిగితే ఆయన కోపపడునేమో అని భయపడవద్దు.

ఊపిరి ఎంతవరకు బాగుపడును?

ఇంతకాలము ఈ ప్రశ్నకు అనుభవము మీదనే జవాబు చెప్పేవారు. ఇప్పుడు మంచి పరిశీలనలు ఉన్నవి. నెదర్లాండ్స్ దేశములో 203 మంది పెద్దవారిని చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆపరేషను, మరియొక గుంపుకు ఆపరేషను లేని చికిత్స ఇచ్చినారు. 2019లో అచ్చయిన ఆ ఫలితములలో ఆపరేషను గుంపు వారే మెరుగుగా ఉన్నారు. బ్రిటనులో 378 మందితో, స్ప్రే మందులకును ఆపరేషనుకును పోలిక చూసినారు. 2023లో వెలువడిన ఆ ఫలితమును అదే చెప్పినది. కనుక దూలము వంకరవలననే ముక్కు మూసుకొన్నవారికి ఇది మేలు చేయునని ధైర్యముగా చెప్పవచ్చును.

అయితే హద్దులు తెలిసికొనుడి. ఎలర్జీ ఉన్నవారికి తుమ్ములు, నీరు కారుట ఆపరేషనుతో పోవు. గురక కొందరికి తగ్గవచ్చును గాని, నిద్రలో ఊపిరి ఆగిపోయే వ్యాధి దీనితో మాత్రమే సాధారణముగా నయము కాదు. దానికి వేరే పరీక్ష, వేరే చికిత్స కావలెను.

ముక్కు రూపము మారునా?

ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. డాక్టరుగారు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించినారు. "ముక్కు పైభాగం ఎముక, కిందిభాగం మెత్తటిది. మీ అమ్మాయికి బయట కనిపించే వంకర ఎక్కువగా పై ఎముకది. నేను చేసేది లోపలి గోడను సరిచేయడం. గాలి ఆడుతుంది. బయటికి దాదాపు ఇలాగే ఉంటుంది" అన్నారు.

సెప్టోప్లాస్టీ ఉద్దేశము శ్వాసయే గాని రూపము కాదు. దూలము ముందు అంచు వంగి ముక్కు కొన ప్రక్కకు తిరిగినవారికి అది సరిచేసినప్పుడు కొన కొంత తిన్నబడవచ్చును. ఎముక ఒరిగినవారికి రెండును కావలెనంటే లోపలి గోడను, బయటి ఎముకను కలిపి సరిచేసే సెప్టోరైనోప్లాస్టీ అను పెద్ద ఆపరేషను ఉన్నది. దానికి ఖర్చు, వాపు, విశ్రాంతి కాలము ఎక్కువ. సంపూర్ణ రూపము కుదుటపడుటకు సంవత్సరము వరకు పట్టవచ్చును.

ముక్కు రూపము కొరకు చికిత్స చేయుట పాపమని మేము చెప్పుట లేదు. మన దేశములో సుశ్రుతుని కాలమునుండి తెగిన ముక్కును చర్మముతో తిరిగి కట్టేవారు. టిప్పు సుల్తాను యుద్ధములో, 1792లో, ఇంగ్లీషు సైన్యమునకు బండి తోలే కావస్‌జీ అను వాని ముక్కును కోసివేసినారు. తరువాత పూనా ప్రాంతమున ఇటుకలు చేసే కులమునకు చెందిన ఒకడు వాని నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు కట్టినాడు. 1794లో లండను పత్రిక ఒకటి ఈ సంగతిని బొమ్మతోసహా ప్రచురించినది. దానిని చూచి కార్ప్యూ అను డాక్టరు 1814లో అక్కడ అదే పద్ధతిని చేసి చూపినాడు. అవమానము మోసేవానికి ముఖము తిరిగి ఇచ్చుట దయగల పని.

కాని ఒక మాట అడుగవలసియున్నది. లేవీయకాండము 21వ అధ్యాయములో బలిపీఠమును సమీపింపకూడని యాజకుల లోపములలో ముక్కు లోపము కూడ చెప్పబడినది. ఆ జాబితా క్రీస్తునందు తీరిపోయినదని మనము బోధించుచున్నాము. మరి మన పెండ్లిచూపులలో దానిని ఇంకను ఎందుకు చదువుచున్నాము? యెష్షయి ఇంట పెద్దకుమారుని రూపము చూచి సమూయేలు ప్రవక్తయే పొరబడినాడు. మనము పొరబడము అనుకోరాదు.

కత్తి పడితే విశ్వాసము పోవునా?

ఉపవాస ప్రార్థనలో పెద్దాయన అన్న మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. తరువాతి ఆదివారము హిజ్కియా రాజు సంగతి బోధించినాము. మరణకరమైన రోగములో అతడు ఏడ్చి ప్రార్థించినాడు. దేవుడు విని పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసినాడు. అదే అధ్యాయములో, ఆ వాగ్దానము తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయుమని చెప్పినాడు. ప్రార్థన, వాగ్దానము, మందు, ఈ మూడును ఒకే గదిలో ఉన్నవి. పౌలు వెంట నడచిన లూకా వైద్యుడు. మట్టితో చేసిన నరునికి దేవుడు ఊపిరి ఇచ్చినది ముక్కు ద్వారానే అని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన ఇచ్చిన ఆ దారి పూడిపోతే దానిని తెరిచే చేతులు కూడ ఆయన ఇచ్చినవే. ఆరాధన అయిన తరువాత ఆ పెద్దాయన మా చెయ్యి పట్టుకొని, "నేను తొందరపడ్డాను అయ్యగారూ" అన్నాడు. తొందరపడినది ఆయన, ఆలస్యము చేసినది మేము.

ఆపరేషను తరువాత

తండ్రి రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరకు కుమార్తెనే అడిగినాడు. "నాకు గాలి చాలు నాన్నా" అన్నది. ఊపిరి కొరకు మాత్రమే ఆపరేషను జరిగినది.

మొదటి రాత్రి కష్టము. ముక్కులో దూది, గాజుగుడ్డ పెట్టియుండుటచేత నోటితోనే పీల్చవలెను. ఒకటి రెండు దినములలో వాటిని తీసినారు. అప్పటినుండి గాలి ధారాళముగా ఆడునని తల్లి ఎదురుచూచినది. కాని లోపలి వాపు, పక్కులవలన పది దినములు మునుపటికంటె ఎక్కువగా మూసుకొన్నది. "డబ్బు పోయింది, ఫలితం లేదు" అని తల్లి కన్నీరు పెట్టుకొన్నది. ఇది అందరికి జరిగేదే. కొన్ని వారములకు గాలి ఆడుట తెలుస్తుంది. లోపల పూర్తిగా కుదుటపడుటకు మూడు నుండి ఆరు నెలలు పట్టును. ఈ కాలములో పాటించవలసినవి ఇవి:

తల ఎత్తుగా పెట్టుకొని పడుకొనవలెను. డాక్టరు చెప్పేవరకు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మవలెను. బరువులు ఎత్తకూడదు, వంగి పనులు చేయకూడదు. ఉప్పునీటితో చెప్పిన ప్రకారము కడుగవలెను. అయితే కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. పక్కులను వ్రేలితో లాగకూడదు. రక్తము ఆగకుండ కారినను, జ్వరము వచ్చినను, నొప్పితోకూడిన వాపు పెరిగినను వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

ఐదవ వారములో ఒక ఉదయము ఆ తల్లి మా ఇంటికి వచ్చినది. "రాత్రి లేచి చూశానమ్మగారూ, నోరు మూసుకుని పడుకుంది. భయమేసి చెయ్యి పెట్టి చూశాను. ముక్కుతో పీలుస్తోంది" అని మా గృహిణితో చెప్పి నవ్వినది.

తల్లిదండ్రులారా

పిల్లలకు ముక్కు మీద దెబ్బ తగిలినప్పుడు పసుపుతో సరిపెట్టవద్దు. మృదులాస్థికి తనంతట రక్తనాళములు లేవు. పై పొరనుండియే దానికి పోషణ అందుతుంది. దెబ్బవలన పొరకును మృదులాస్థికిని మధ్య రక్తము చేరితే కొద్ది దినములలోనే అది చనిపోయి ముక్కు కుంగిపోగలదు. దెబ్బ తరువాత రెండు వైపుల గాలి ఆడకపోయినను, లోపల మెత్తని ఉబ్బు కనబడినను ఆ దినమే డాక్టరుకు చూపించుడి. ఎముక విరిగితే రెండు వారములలోపే, పిల్లలకు ఇంకను ముందే, సరిదిద్దుట సులభము. ఎదిగే పిల్లలకు దూలము ఆపరేషనును సాధారణముగా ముక్కు ఎదుగుదల ముగిసేవరకు ఆపుతారు. బాధ మరీ ఎక్కువైతే డాక్టరు నిర్ణయించును. డబ్బు లేదని ఊరకుండవద్దు. హైదరాబాదు కోఠిలోను, విశాఖపట్నములోను ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రులు ఉన్నవి.

తోటి కాపరులారా, మన సంఘములలో ఎవరు ఎట్లు పాడుచున్నారో మనకు తెలుసు. వారు రాత్రులు ఎట్లు నిద్రించుచున్నారో కూడ అడుగుదము. మేము పది సంవత్సరములు ఆ బిడ్డ కొరకు ప్రార్థన చేసినాము గాని ఒక్కసారియైనను ఆమెను అడుగలేదు.

ఆమె ముక్కు ఇప్పటికిని కొంచెము ఎడమకు ఒరిగియే ఉన్నది. ఇంకను సంబంధము కుదరలేదు. తండ్రి మునుపటివలె ఆ మాట ఎత్తుట లేదు. గడచిన పునరుత్థాన పండుగ నాడు వేకువ ఆరాధనలో ఆమె పాడినది. పొడవైన చరణము వచ్చినప్పుడు మేము అలవాటు చొప్పున తల ఎత్తి చూచినాము. ఆమె ఆగలేదు.

ఊపిరి ఇచ్చిన దేవునికి స్తోత్రము కలుగును గాక. ఆమేన్.